గది గాలి

“వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదు” అని సామెత. దాన్ని పుట్టించిన మహానుభావుడు ఎవడో గానీ, ఎదురుపడితే రెండు తగిలించాలని చాలా ఏళ్ళుగా నా కోరిక. ఆయన ఏ పెళ్ళిలోనో సుష్టుగా తిని, చెయ్యి కడుక్కుని పోయి ఉంటాడు. వడ్డించినవాళ్ళ సంగతి ఆయనకేం తెలుసు?

నేను విరుదునగర్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుని. ప్రసవాల గదిలో నా పని తల్లి దగ్గర కాదు, బిడ్డ దగ్గర. పుట్టిన బిడ్డను అందుకుని, తుడిచి, వెచ్చని బల్ల మీద పడుకోబెట్టి, ఊపిరి తీస్తోందా లేదా చూడాలి. చాలామంది బిడ్డలు వాళ్ళంతట వాళ్ళే ఏడుస్తారు, మనల్ని లెక్కచెయ్యరు. ఏ కొందరో ఏడవరు. నా జీతం ఆ కొందరి కోసం.

మాది కోవిల్‌పట్టి పక్కన నల్లరేగడి పల్లె. ఇంట్లో తెలుగు, వాకిలి దాటితే తమిళం. మా తెలుగు మాట్లాడేదే గానీ చదివేది కాదు. నాకు అక్షరాలు వచ్చింది చిత్తూరులో నర్సింగు చదివేటప్పుడు, హాస్టల్లో. నేను నోరు తెరిస్తే చాలు, “మా జేజెమ్మ లేచొచ్చినట్టుందే” అని అక్కడి పిల్లలు పడీపడీ నవ్వేవాళ్ళు. నవ్వితే నవ్వారు, గుణింతాలు నేర్పారు. అందుకే ఇది రాయగలుగుతున్నాను. ఒత్తులు రాయడం వచ్చింది గానీ పలకడం ఇప్పటికీ రాదు.

పెళ్ళి చేసుకోలేదు. “నీ నోటికి బయపడి ఎవుడూ రాలే” అని మా అమ్మ పోయేదాకా అంటూనే ఉండేది. విరుదునగర్‌లో నువ్వుల నూనె ఆడే మిల్లు మీద మేడగది నాది. మిల్లు ఆడినంతసేపూ మంచం సన్నగా వణుకుతుంది. కొత్తలో ఒళ్ళు మండేది. తర్వాత తర్వాత, ఆదివారం మిల్లు ఆగితే గదిలోంచి ఎవరో లేచి వెళ్ళిపోయినట్టు ఉండేది.

నాకు ఉన్న తోడు ఒక్కతే, మా తమ్ముడి భార్య. ఆమె కోవిల్‌పట్టిలో, నేను ఇక్కడ. సాయంత్రం ఆరింటికి నేను డ్యూటీ దిగి మెట్లెక్కుతుంటే ఫోను మోగేది. “ఏం వదినె, ఈ పొద్దు ఎవురితో పోట్లాడినావు?” అని మొదలుపెట్టేది. నేను రోజంతా తమిళంలో దాచుకున్న కోపాన్ని తెలుగులో కక్కేదాన్ని. ఆమె పగలబడి నవ్వేది. అంతే, నాకు ఆ పూటకు అన్నం దిగేది.

ఇప్పుడు ఒక గొట్టం గురించి చెప్పాలి. ఏడవని బిడ్డకు ముక్కూ నోరూ కప్పేలా చిన్న మాస్కు పెట్టి, చేత్తో నొక్కే గాలి బ్యాగుతో ఊపిరి అందిస్తాం. ఆ బ్యాగు వెనక ఒక గొట్టం తగిలించవచ్చు. తగిలిస్తే బిడ్డ రొమ్ములోకి పోయేది అచ్చమైన ఆక్సిజన్. తీసేస్తే మనమందరం పీల్చే గది గాలి. నేను పనిలో చేరిన కొత్తలో ఆ గొట్టాన్ని తీసినవాళ్ళను నేను చూడలేదు. ఆక్సిజన్ ఎంత పోస్తే అంత మేలు అనుకునేవాళ్ళం. నీలంగా పుట్టినవాడు దానిమ్మ గింజలా ఎర్రబడితే గండం గడిచిందని చేతులు దులుపుకునేవాళ్ళం.

తర్వాత మా ఆసుపత్రికి కొత్త పిల్లల డాక్టరమ్మ వచ్చింది. వచ్చిన వారానికే మమ్మల్ని కూర్చోబెట్టి, నెలలు నిండిన బిడ్డకు గొట్టం తీసేసి గది గాలితోనే మొదలుపెట్టాలంది. “ముందు ఊపిరితిత్తి తెరుచుకోవాలి. తెరుచుకుంటే గది గాలి చాలు. కుడి మణికట్టుకు, రక్తంలో ఆక్సిజన్ నూటికి ఎంతుందో అంకెల్లో చూపే యంత్రం కట్టండి. మొదటి నిమిషంలో అరవై చూపిస్తే కంగారు పడొద్దు, కడుపులో ఉన్నన్నాళ్ళూ బిడ్డ దాదాపు అంతలోనే బతికింది. పది నిమిషాల్లో మెల్లగా ఎక్కుతుంది. ఎక్కకపోతేనే ఆక్సిజన్, అదీ కొంచెం కొంచెంగా” అని చెప్పింది.

నేను ఊరుకుంటానా? ఇన్నేళ్ళుగా ఇంతమందిని బతికించిన చేతులివి, నిన్నగాక మొన్న వచ్చి మాకు చెబుతుందా అని వారం రోజులు ఆవిడతో వాదించాను. ఆవిడ విసుక్కోలేదు. “మూడు రోజులు పస్తున్నవాడికి విందు పెడతావా, గంజి పోస్తావా?” అని అడిగింది. “గంజే” అన్నాను. “గాలి అందక నకనకలాడిన మెదడుకూ అంతే. ఒక్కసారిగా కుమ్మరిస్తే ఆ ఆక్సిజనే దాన్ని తినేస్తుంది. ఇనుముకు తుప్పు పట్టించేదీ అదేగా” అంది. గంజి మాట నాకు బుర్రకెక్కింది. ఇక చూడాలి నా సంబరం. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, పడకకొక పాఠం చెప్పేదాన్ని. చేతికింది నర్సు గొట్టం ముట్టుకుంటే చాలు, “ఆక్సిజన్ నెయ్యి కాదమ్మా, ఉంది కదా అని కుమ్మరించడానికి!” అని అరిచేదాన్ని.

ఆ రోజుల్లోనే మా మరదలికి నెలలు నిండాయి. మాలో తొలి కాన్పు పుట్టింటివాళ్ళది. వాళ్ళు కోవిల్‌పట్టిలోనే మంచి ఆసుపత్రి చూసి పెట్టారు. ఈవిడ వింటేగా! “వడ్డించేది మా వదినె అయితే కడబంతి అయినా పరవాలే. మన మనిసిని పెట్టుకోని వేరే యాడికో ఎందుకు పోవాల?” అని అందరినీ ఒప్పించి విరుదునగర్ వచ్చేసింది. నిజం చెప్పొద్దూ, నాకు గర్వంగానే ఉండింది. ఆసుపత్రిలో నా మనిషంటూ ఒకరు ఉండటం అదే మొదలు.

నొప్పులు చాలాసేపు పట్టాయి. మధ్యాహ్నం ఆడపిల్ల పుట్టింది. మెడకు పేగు చుట్టుకుని, నీలంగా, తడిగుడ్డలా వాలిపోయి నా చేతుల్లోకి వచ్చింది. డాక్టరమ్మ పక్క థియేటరులో ఇంకో బిడ్డ దగ్గర ఇరుక్కుంది. నేనూ, నా చేతికింది నర్సూ ఇద్దరమే. తుడిచాను, వీపు రుద్దాను, కదల్లేదు. మాస్కు పెట్టాను. అప్పుడు నా కుడిచెయ్యి, నన్ను అడక్కుండా, గోడకు వేలాడుతున్న గొట్టాన్ని తీసి బ్యాగుకు తగిలించింది.

“అక్కా, గది గాలి కదా?” అంది ఆ పిల్ల తమిళంలో. నేను నేర్పిన పాఠమే.

“నోరు ముయ్యే! ఇది మా బిడ్డ!” అన్నాను తెలుగులో. ఆ పిల్లకు తెలుగు రాదు. కానీ అర్థమైంది.

పెళ్ళి పంక్తిలో చూడండి, అందరి విస్తట్లో గరిటెడు నెయ్యి వేసేవాడు, అన్న కొడుకు కనబడగానే గిన్నె వంచేస్తాడు. నేనూ అదే చేశాను. పరాయి బిడ్డలకు కొలిచి పోసిన చేత్తో నా బిడ్డకు గిన్నె వంచాను. “ఏడువే తల్లీ, ఏడువే” అని నొక్కుతూ నేనే ఏడ్చాను. యంత్రం మీద తొంభై వచ్చింది. తొంభై ఎనిమిది వచ్చింది. వంద వచ్చింది. వంద చూసి, సిగ్గులేనిదాన్ని, మురిసిపోయాను. అప్పుడైనా గొట్టం తియ్యాలి. తియ్యలేదు. తీస్తే మళ్ళీ నీలమవుతుందేమోనని భయం. బిడ్డ సన్నగా మూలుగుతూ ఊపిరి తీస్తున్నా, డాక్టరమ్మ వచ్చేదాకా వంద దగ్గరే పట్టుకుని నిలబడ్డాను. ఆవిడ వచ్చి, గొట్టం పీకేసి, గోడ గడియారం వైపు చూసింది.

మర్నాడు బిడ్డకు ఫిట్స్ వచ్చాయి. మదురైకి పంపారు. కొన్ని వారాలకు ప్రాణంతో తిరిగొచ్చింది గానీ, మెదడుకు దెబ్బ తగిలిందని అక్కడే చెప్పి పంపారు. మెడ నిలబడటం ఆలస్యం, కూర్చోవడం ఆలస్యం. ఇప్పుడు ఆరేళ్ళు. కాళ్ళు బిగుసుకుపోయి ఉంటాయి, పట్టుకుంటే నాలుగడుగులు వేస్తుంది. మాట తెలుసు, నోటిదాకా రావడానికే దారి పొడుగు.

డాక్టరమ్మ తలుపు మూసి నాతో చెప్పింది. “గంటల తరబడి కడుపులోనే గాలి అందలేదు. పెద్ద దెబ్బ అక్కడే తగిలింది. నీ గొట్టం దానికి ఎంత కలిపిందో, అసలు కలిపిందో లేదో, ఎవరూ చెప్పలేరు.” తర్వాత, “జరిగింది జరిగినట్టే కేసు షీట్లో రాశాను. ఇంకెప్పుడూ అలా చెయ్యకు” అంది. ఎవరూ చెప్పలేరన్న మాట వినేవాళ్ళకు ఓదార్పులా ఉంటుంది. మోసేవాళ్ళకు కాదు. తప్పని తేలితే కుమిలి కుమిలి ఒకనాటికి ఊరుకోవచ్చు. కాదని తేలితే నిద్రపోవచ్చు. నాకు ఆ రెండూ లేవు.

ఆ షీటు మా ఇంట్లో ఎవరూ చదవలేదు. పైగా ఇంటికి వచ్చినవాళ్ళందరితో మా మరదలు ఒకటే మాట: “వాళ్ళ అత్త లేకుంటే బిడ్డ దక్కేదా? ప్రాణం పోసింది ఆమే దా.” మా తెలుగులో ‘దా’ అంటే అదే, ఇంకోటి కాదు అని. పండక్కి తొలి ముద్ద నాకే. కొత్త చీర నాకే. బిడ్డను తెచ్చి నా ఒళ్ళోనే పెట్టేది. తిట్టేవాళ్ళుంటే తిరిగి తిట్టడం నాకు బాగా వచ్చు. పొగిడేవాళ్ళను ఏం చెయ్యాలో తెలియలేదు. సెలవు రోజున పొద్దున్నే రైలెక్కి కోవిల్‌పట్టి పోయి, బిడ్డ కాళ్ళకు నూనె రాసి, డాక్టర్లు నేర్పిన వ్యాయామం చేయించి, సాయంత్రం తిరిగొచ్చేదాన్ని. “అ... త్తా” అని పిలిచేది. ఆ రెండక్షరాల మధ్య నేను ఊపిరి బిగబట్టేదాన్ని. ఇంటినిండా మనుషులు, ఒళ్ళో బిడ్డ, అయినా నా అంత ఒంటరిది ఆ ఊళ్ళో ఇంకొకతె ఉండి ఉండదు.

అయిదేళ్ళు నోరు మూసుకున్నాను. నా నోటికి అది రికార్డు.

పోయిన ఏడు మరదలు మళ్ళీ నీళ్ళోసుకుంది. పెరట్లో కూర్చుని ఇద్దరం వేరుశనగ కాయలు ఒలుస్తున్నాం. బిడ్డ నా పక్కనే చాప మీద గోలీగుండ్లతో ఆడుకుంటోంది. “ఈసారి కోవిల్‌పట్టిలోనే చూసుకోండి. లేకుంటే తిరునల్వేలి పోండి” అన్నాను. ఆమె నవ్వింది. “ఏం, వడ్డించేదానికి చెయ్యి నొస్తాదా? కడబంతి అయినా పరవాలే, మా వదినె చెయ్యే...”

“ఆ మాట ఇంకోసారి అనొద్దే!” అని అరిచాను. బిడ్డ ఉలిక్కిపడింది. ఇక ఆపుకోలేక మొత్తం చెప్పేశాను. గొట్టం, గది గాలి, చేతికింది పిల్ల అడగడం, నేను నోరు ముయ్యమనడం, వంద చూసి మురవడం, అన్నీ.

ఆమె చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. “ఆ గొట్టం పెట్టకుంటే నా బిడ్డ నడిచేదా?” అని అడిగింది.

“తెలీదే. ఎవురికీ తెలీదు.”

“తెలీనిది నాకి ఎందుకు చెప్తాండావు?”

“మళ్ళీ నన్నే నమ్ముకోని వస్తాండావు కాబట్టి.”

ఆమె లేచి, బిడ్డను ఎత్తుకుని లోపలికి పోయింది. కాయలన్నీ నేనే ఒలిచాను. బయల్దేరేటప్పుడు గుమ్మం దగ్గరికి వచ్చి, “పోయిట్టు వాంగ” అంది.

తమిళంలో వెళ్ళిరండి అని అర్థం. మర్యాదగల మాటే. పాలవాడికీ, గ్యాసు సిలిండరు తెచ్చినవాడికీ మేము చెప్పే మాట. మా ఇంట్లో ఒకరితో ఒకరు తమిళం మాట్లాడుకోవడం నేను పుట్టి ఎరగను. తిట్టినా తెలుగులోనే తిట్టుకుంటాం. ఆమె వాకిట్లోనే నిలబడి నన్ను వాకిలి బయట పెట్టేసింది.

ఆ తర్వాత ఆరింటికి ఫోను మోగలేదు. సెలవులకు పోవడం నేను మానలేదు. బిడ్డ కాళ్ళు బిగుసుకుపోతాయి కదా. పోతే కాఫీ ఇచ్చేది, అన్నం పెట్టేది, అన్నీ తమిళంలో, అన్నీ ‘మీరు’ అనే. తమ్ముడికి ఆమె ఏమీ చెప్పలేదు. వాడు దీన్ని వంటింటి గొడవ అనుకుని, “ఇద్దురికీ నోరు జాస్తి” అని నవ్వేవాడు. నా గదిలో ఒకరోజు పాలు పొంగితే “దొంగముండా, ఇంత తొందరేమే నీకి!” అని గట్టిగా అరిచాను. అరిచాక గుర్తొచ్చింది, ఆ వారంలో నేను తెలుగు మాట్లాడింది ఆ పాలతోనే.

తొమ్మిదో నెలలో ఒకనాడు పొద్దున, నొప్పులు మొదలై, మా ఆసుపత్రి నడవలో ఆమె ఎదురైంది. తమ్ముడు చీటీ రాసే కిటికీ దగ్గర వరసలో ఉన్నాడు. ఆమె నా దగ్గరికి వచ్చి తమిళంలో మెల్లగా చెప్పింది. “కాన్పు ఇక్కడే. బిడ్డ దగ్గర మీరే నిలబడాలి. కానీ ఎవరో బిడ్డ అనుకోండి. మీ బిడ్డ అనుకోవద్దు.” నేను తల ఊపాను. డాక్టరమ్మతో వేరేవాళ్ళను పెట్టమని బతిమాలాను. “తల్లి అడిగింది నిన్ను. నేను పక్కనే ఉంటాను, నడువ్” అంది ఆవిడ.

ఆ మధ్యాహ్నం మగబిడ్డ పుట్టాడు. ఈసారి నొప్పులు అంతసేపు పట్టలేదు. అయినా పుట్టగానే ఏడవలేదు. దేవుడా, మళ్ళీనా అనుకున్నాను. తుడిచాను, రుద్దాను. నీలంగా ఉన్నాడు. గొట్టం గోడకు వేలాడుతోంది, చెయ్యి చాపితే అందేంత దూరంలో. మాస్కు పెట్టి గది గాలితో నొక్కడం మొదలుపెట్టాను. మణికట్టుకు యంత్రం కట్టారు. యాభై ఎనిమిది. నా కుడిచెయ్యి గొట్టం కోసం పీకుతోంది. అరవై రెండు. పరాయి బిడ్డ, పరాయి బిడ్డ అని నాకు నేనే చెప్పుకున్నాను. తెలుగు నోట్లోకి వస్తే చెయ్యి మాట వినదని నాకు తెలుసు. పళ్ళు బిగించి, రోజూ అందరి బిడ్డలతో అనేదే అన్నాను: “అళుడా, అళు.” ఏడవరా, ఏడువు. అరవై ఎనిమిది. డాక్టరమ్మ స్టెత్ పెట్టి, “గుండె బాగుంది, కానివ్వు” అంది. డెబ్బై ఒకటి. ఆ అంకెలు ఎక్కినంత మెల్లగా నా జీవితంలో ఏదీ ఎక్కలేదు.

డెబ్బై తొమ్మిది దగ్గర వాడు మొహం చిట్లించి, నన్ను తిట్టినట్టే ఏడ్చాడు.

తుడిచి, తీసుకెళ్ళి తల్లి రొమ్ము మీద పెట్టాను. ఆమె వాడి వైపు చూడకముందే నా వైపు చూసింది. “గొట్టం?” అంది. “పెట్టలేదమ్మా” అన్నాను తమిళంలోనే. “సరి, నర్సమ్మా” అని కళ్ళు మూసుకుంది. ఆమె అడిగినట్టే చేశాను. పరాయిదానిలాగా చేశాను, పరాయిదాన్నే అయ్యాను. పోయి చేతులు కడుక్కున్నాను, చాలాసేపు కడుక్కున్నాను.

మర్నాడు పొద్దున తమ్ముడు పెద్దదాన్ని ఎత్తుకొచ్చి మంచం పక్కన కుర్చీలో కూర్చోబెట్టి, టిఫిన్ తేవడానికి పోయాడు. నేను బిడ్డ ఒళ్ళు వెచ్చగా ఉందో లేదో చూడటానికి వెళ్ళాను. అదే నిమిషానికి వాడు లేచి గుక్కపట్టాడు. పెద్దది భయపడలేదు, మెడ వంచి వింతగా చూసింది.

“అ... త్తా. వీడు... ఎందుకు... ఏడుస్తాడు?”

“పుట్టినవాళ్ళు ఏడవాల తల్లీ. ఏడిస్తే దా మంచిది.”

అది ఆలోచించింది. దాని ఆలోచన మొహంలోంచి నోటిదాకా రావడం నేను చూస్తూ నిలబడ్డాను.

“నేను... ఏడ్చినానా?”

ఏడ్చావని అబద్ధం చెప్పడానికి నోరు తెరిచాను. ఇంతలో మంచం మీంచి, గోడవైపు తిరిగి పడుకున్న మా మరదలు అంది:

“లేదు తల్లీ, నువ్వు ఏడవలే. నీకి బదులు మీ అత్త ఏడ్చింది. ఆస్పత్రంతా ఇనపడేట్టు ఏడ్చింది. నేను ఇన్నాను.”

తెలుగులో అంది. ఎన్ని నెలల తర్వాతో.

గోడవైపు నుంచి ఇటు తిరగలేదు. నన్ను క్షమించానని అనలేదు, నేనూ అడగలేదు. అన్నది బిడ్డతోనే. పెద్దది మాత్రం, తన బదులు ఏడ్చిపెట్టినందుకు కాబోలు, చెయ్యి చాపి నా కొంగు పట్టుకుంది. ‘వదినె’ అన్న మాట కూడా వస్తుందేమోనని కాసేపు అలాగే నిలబడ్డాను. తర్వాత ప్రసవాల గదిలోంచి ఎవరో పిలిస్తే, కొంగు విడిపించుకుని వెళ్ళాను.